మోబ్ల్: కుర్చీకీ మనిషికీ ఒకటే మాట

వస్తువుల వెనక మనుషులు - 9

ఫ్రెంచి భాషలో ఫర్నిచర్‌ని ‘మోబ్ల్’ అంటారు. కదిలేది, కదిలించడానికి వీలైనది అని దాని అర్థం. ఇల్లు కదలదు కాబట్టి అది ‘ఇమోబ్ల్’. కుర్చీ, బల్ల, మంచం, బీరువా కదులుతాయి కాబట్టి అవి ‘మోబ్ల్’. మన రిజిస్ట్రేషన్ ఆఫీసు భాషలో చెప్పాలంటే మొదటిది స్థిరాస్తి, రెండోది చరాస్తి.

1685లో పద్నాలుగో లూయీ తన వలస దీవుల కోసం ఒక చట్టం చేశాడు. పేరు ‘కోడ్ న్వార్’, అంటే నల్లవాళ్ళ చట్టం. అందులో 44వ నిబంధన బానిసలు ‘మోబ్ల్’ అని ప్రకటించింది. తండ్రి చనిపోతే కుర్చీలూ బల్లలూ పంచుకున్నట్టే కొడుకులు బానిసల్ని కూడా పంచుకోవచ్చు.

తెలుగు పాఠాలు చెప్పే వృత్తి కాబట్టి నాకు ఏ చరిత్ర చదివినా ముందు మాట దగ్గర కాలు ఆగుతుంది. ఒకే మాట ఒక పక్క ప్రపంచంలోకెల్లా అందమైన కుర్చీలకూ, ఇంకో పక్క ఆ కుర్చీలకు కలప నరికిన మనుషులకూ పేరైంది. అందుకే ఈసారి విప్లవానికి ముందటి ఫ్రాన్సులో భోజనాల గది తలుపు తీద్దాం. 1789కి ముందు వందేళ్ళలో పారిస్ పనివాళ్ళు చేసినంత నాజూకైన చెక్కపని మళ్ళీ ఎవరూ చెయ్యలేదని చాలామంది అంటారు. పనితనం గురించి నాకు పేచీ లేదు. ఆ గదిలో ఎవరు కూర్చున్నారు, ఎవరు నిలబడ్డారు, ఎవరి పేరు మిగిలింది, ఎవరి పేరు మిగల్లేదు అన్నదే నా ప్రశ్న.

1. కూర్చునే హక్కు

మనం సినిమాల్లో చూసే పొడవాటి, నగిషీల భోజన బల్ల ఆ కాలంలో చాలావరకు లేదు. విచిత్రంగా అనిపిస్తుంది గానీ నిజం. పద్దెనిమిదో శతాబ్దంలో చాలా భాగం, ఎంత పెద్ద ప్రభువు ఇంట్లో అయినా, భోజన బల్ల అంటే మడిచిపెట్టే కాళ్ళ మీద పరిచిన మామూలు చెక్కలు. భోజనం వేళకి నౌకర్లు మోసుకొచ్చి నిలబెడతారు, తిన్నాక విప్పి తీసుకుపోతారు. ‘బల్ల సిద్ధం చెయ్యడం’ అనడానికి ఫ్రెంచివాళ్ళు ఈనాటికీ ‘బల్ల నిలబెట్టడం’ అనే అర్థం వచ్చే మాటే వాడతారు. మీద నేలదాకా వేలాడే తెల్ల గుడ్డ కప్పేస్తే కింద ఏ కర్ర ఉందో ఎవరికీ కనపడదు. కనపడని చోట డబ్బు పెట్టడం ఎందుకని చవక కర్రే వాడేవాళ్ళు.

డబ్బంతా కనపడే చోటికి పోయింది: కుర్చీలకు, గోడవారన పాలరాతి పైకప్పుతో ఉండే పాత్రల బల్లకు. ఆ పాత్రల బల్ల పేరు ‘బ్యూఫె’. మన పెళ్ళిళ్ళలో ప్లేటు పట్టుకుని నిలబడి తినే ‘బఫే’ పేరు ఆ బల్లదే.

వెర్సాయ్‌లో రాజు బహిరంగంగా భోజనం చేసేవాడు. పేరు ‘గ్రాండ్ కూవేర్’. బల్ల దగ్గర రాజకుటుంబం మాత్రమే కూర్చుంటుంది. మర్యాదైన బట్టలు వేసుకున్నవాళ్ళు ఎవరైనా వచ్చి నిలబడి చూడొచ్చు. చూడ్డానికే, తినడానికి కాదు. రాజు ముందు చేతుల కుర్చీ ఎవరికి, వీపు ఆనే కుర్చీ ఎవరికి, వీపు లేని స్టూలు ఎవరికి, ఏమీ లేకుండా నిలబడాల్సింది ఎవరు అనేది రాసిపెట్టినంత కచ్చితంగా ఉండేది. డచ్చెస్ హోదా ఉన్న స్త్రీకి స్టూలు మీద కూర్చునే హక్కు ఉంది. ఆ స్టూలు కోసం కుటుంబాలు తరాల తరబడి కొట్టుకున్నాయి. పంక్తి భోజనాల్లో ఎవరు ఏ వరసలో కూర్చోవాలో, ఎవరు వాకిట్లో ఉండాలో చూసి పెరిగినవాళ్ళకి దీన్ని పెద్దగా వివరించక్కర్లేదు. కుర్చీ కలపతో చేసిన వస్తువు కాకముందే హోదాతో చేసిన వస్తువు.

వంటకాలన్నీ ఒకేసారి బల్ల మీద లెక్క ప్రకారం అమర్చేవాళ్ళు. గ్లాసులు మాత్రం బల్ల మీద ఉండవు. దాహమేస్తే వెనక నిలబడ్డ నౌకరుకి సైగ చెయ్యాలి. అతను పక్కబల్ల దగ్గరికి వెళ్ళి గ్లాసు నింపి తెస్తాడు, తాగాక తీసుకెళ్ళి కడుగుతాడు. అంటే ప్రతి కుర్చీ వెనకా ఒక మనిషి. ఆ మనిషికి చెవులున్నాయి. ప్రభువులకు చిరాకు తెప్పించిన సంగతి అదే.

2. నేలలోకి దిగిపోయే బల్ల

పదిహేనో లూయీ కాలంలో రుచి మారింది. వందమంది చూస్తుండగా తినడం కంటే నలుగురు ఇష్టులతో తలుపులు మూసుకుని తినడం ఫ్యాషన్ అయ్యింది. అంతకు ముందు ముందుగదిలోనో పడకగదిలోనో ఎక్కడ వీలైతే అక్కడ బల్ల వేసేవాళ్ళు. ఇప్పుడు తినడానికని విడిగా ఒక గది వచ్చింది. 1750లో వెర్సాయ్‌లో రాజు సొంత గదుల్లో, వేట నుంచి తిరిగొచ్చాక తినడానికని ఒక భోజనాల గది ఏర్పాటైంది. పారిస్ ధనికుల ఇళ్ళలో కూడా ఆ గది మెల్లగా తప్పనిసరైంది. తిండి వాసన గుడ్డకి పట్టేస్తుందని అక్కడి కుర్చీలకు తరచుగా పేము అల్లిక వేసేవాళ్ళు. ఆ పేము తూర్పు దేశాల నుంచి కంపెనీ ఓడల్లో వచ్చింది.

ఏకాంతం కావాలంటే నౌకర్లు ఉండకూడదు. నౌకర్లు లేకుండా వడ్డన ఎలా? దీనికి సమాధానం ఫర్నిచర్ చెప్పింది.

1750ల్లో ష్వాజీ అనే చోట రాజు తన చిన్న భవనంలో ‘ఎగిరే బల్ల’ పెట్టించుకున్నాడు. గేరాన్ అనే ఇంజనీరు చేశాడు. బల్ల నడిమి భాగం తాళ్ళూ కప్పీలతో కింది అంతస్తులోకి దిగిపోతుంది. అక్కడ నౌకర్లు ఎంగిలి పళ్ళాలు తీసేసి కొత్త వంటకాలు అమరుస్తారు, బల్ల మళ్ళీ పైకి వస్తుంది. ఏదైనా కావాలంటే చీటీ రాసి పంపాలి. పైన కూర్చున్నవాళ్ళకి ఇంద్రజాలం. కింద ఉన్నవాళ్ళకి అదే పని, కాకపోతే ఇప్పుడు నేల కింద. తర్వాత పెటీ ట్రియానాన్ భవనానికి కూడా ఇలాంటిదే లోరియో అనే యంత్రకారుడు ప్లాన్ చేశాడు గానీ అది పెట్టలేదు.

ఆ యంత్రం గురించి చదివినప్పుడల్లా చాలామంది దాని తెలివిని మెచ్చుకుంటారు. నేనూ మెచ్చుకుంటాను. కానీ అది పనిని తగ్గించిన యంత్రం కాదని గమనించండి. పనిచేసేవాణ్ణి కళ్ళముందు నుంచి తీసేసిన యంత్రం. ఈ రెంటికీ మధ్య తేడా పట్టుకోగలిగితే, మన అపార్టుమెంట్లలో పనివాళ్ళకి విడిగా పెట్టిన లిఫ్టు కూడా అర్థమవుతుంది.

రాజంత డబ్బు లేనివాళ్ళకి చిన్న ఉపాయం ఉంది. చక్రాల కాళ్ళున్న చిన్న బల్ల. మీద పాలరాయి, అందులో సీసాలు చల్లగా ఉంచడానికి రెండు గుంతలు, గుంతల్లో లోహపు గిన్నెలు, కింద పళ్ళాలకు అరలు. దాన్ని కుర్చీ పక్కకి లాక్కుంటే ఎవరికి వాళ్ళే వడ్డించుకోవచ్చు. నౌకర్లని గది బయటికి పంపెయ్యొచ్చు. దీని పేరేమిటో తెలుసా? ‘సెర్వాంత్’. అంటే పనిమనిషి, ఆడమనిషి. ఇంగ్లీషువాళ్ళు ఇలాంటి బల్లకే ‘డంబ్ వెయిటర్’ అన్నారు: మూగ వడ్డనవాడు. మాట్లాడని, వినని, జీతం అడగని పనిమనిషి కావాలన్న కోరిక ఆ పేర్లలోనే ఉంది.

ఒక పక్క వస్తువుకి మనిషి పేరు. ఇంకో పక్క మనిషికి వస్తువు పేరు. ఒకే కాలం, ఒకే రాజ్యం.

3. అడుగున కొట్టిన ముద్ర

ఈ చిన్న బల్లలు చెయ్యడంలో పేరున్నవాడు జోసెఫ్ గెంగెన్‌బాక్. అందరూ కానబాస్ అని పిలిచేవాళ్ళు. జర్మన్ ప్రాంతం నుంచి బతుకుతెరువుకి పారిస్ వచ్చినవాడు. 1766లో గిల్డులో మాస్టర్ అయ్యాడు. గట్టి మహాగని కర్రతో, ఎక్కువ నగిషీ లేకుండా, వాడుకకి పనికొచ్చే సామాను చేశాడు.

గిల్డు అంటే వృత్తి సంఘం. పారిస్‌లో చెక్కసామాను చేసేవాళ్ళది ఒకే గిల్డు, లోపల రెండు రకాల పనివాళ్ళు. ‘మెన్విజియే’ అంటే నిండు కర్రతో కుర్చీలు, మంచాలు చేసే వడ్రంగి. ‘ఎబెనిస్ట్’ అంటే చవక కర్రతో చేసిన చట్రం మీద ఖరీదైన కలపని కాగితంలాంటి పొరలుగా కోసి అతికించి, రంగురంగుల చెక్కలతో పూలూ తీగలూ పొదిగేవాడు. ఆ పేరు ఎబొనీ నుంచి వచ్చింది. ఎబొనీ అంటే నల్లచేవ కలప, దూరదేశాల నుంచి తెచ్చింది. అంటే ఈ వృత్తికి పేరే పరాయి నేల చెట్టు పెట్టింది.

ఒక్క కుర్చీ ఎంతమంది చేతులు దాటేదో చూడండి. చట్రం వడ్రంగిది. చెక్కడం శిల్పిది. రంగూ బంగారు పూతా వేరే గిల్డుది. గుడ్డా దిండూ ఇంకో గిల్డుది. ఇత్తడి, కంచు తొడుగులు పోతపనివాళ్ళవి. ఒకరి పని ఇంకొకరు చేస్తే జరిమానా. షార్ల్ క్రెసాన్ అనే గొప్ప ఎబెనిస్ట్ తన సామానుకి కంచు తొడుగులు తన దుకాణంలోనే పోయించుకున్నాడని పోతపనివాళ్ళ గిల్డు అతన్ని కోర్టులకు లాగింది.

ఆ కంచుకి బంగారు పూత వేసే పద్ధతి దారుణమైనది. బంగారాన్ని పాదరసంలో కలిపి, ముద్దలా చేసి, కంచు మీద రాసి, నిప్పుల మీద కాలుస్తారు. పాదరసం ఆవిరై పోతుంది, బంగారం మిగులుతుంది. ఆ ఆవిరి పనివాడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చేతులు వణకడం, పళ్ళు ఊడటం, చిన్నవయసులో చావు. ఈ పనివాళ్ళని కాపాడే ఉపాయం కనిపెట్టినవాళ్ళకి ఇమ్మని రవ్రియో అనే కంచు వ్యాపారి 1814లో తన వీలునామాలో 3000 ఫ్రాంకులు రాసిపోయాడు. అంటే ఆ చావులు అందరికీ తెలుసు. మ్యూజియంలో ఈనాటికీ ధగధగలాడే ఆ పసుపు మెరుపు వెనక ఉన్నది ఆ వణికే చేతులే.

1740ల్లో గిల్డు కొత్త నిబంధన తెచ్చింది: ప్రతి మాస్టరూ తన పేరున్న ఇనప ముద్రని సామాను మీద కొట్టాలి. కనపడని చోట, కుర్చీ అడుగునో, బల్ల పైరాయి కిందో కొట్టేవాళ్ళు. ఈ ముద్రల వల్లే ఇవాళ మనకి పేర్లు తెలుసు. కానీ ముద్ర కొట్టే హక్కు మాస్టర్‌కే. పారిస్‌లో మాస్టర్లు దాదాపు వెయ్యి మంది. వాళ్ళ దగ్గర రోజుకూలికి పొద్దున్నుంచి చీకటి పడేదాకా చిత్రిక పట్టిన వేలమంది పనివాళ్ళకి ముద్ర లేదు. ముద్ర లేదు కాబట్టి చరిత్రలో పేరు లేదు.

దీనికి ఉదాహరణగా ఆ యుగంలోకెల్లా ప్రసిద్ధమైన ఒక వస్తువు చూద్దాం. భోజన బల్ల కాదు, రాత బల్ల. కానీ పేరు ఎలా మిగులుతుందో, ఎలా పోతుందో దీనంత స్పష్టంగా ఇంకేదీ చూపించదు. పదిహేనో లూయీ కోసం 1760లో జాన్ ఫ్రాన్స్వా ఓబెన్ మొదలుపెట్టాడు. ఇతనూ జర్మన్ ప్రాంతం నుంచి వచ్చినవాడే. 1763లో అప్పులతో చనిపోయాడు. దుకాణాన్ని అతని భార్య ఫ్రాన్స్వాజ్ మార్గరెత్ వాండర్‌క్రూజ్ నడిపింది. ఆమె కూడా ఎబెనిస్ట్ ఇంటి ఆడపిల్ల, పని తెలిసినది. గిల్డు రూలు ప్రకారం మాస్టర్ భార్య వితంతువు అయితే దుకాణం నడపొచ్చు, కానీ తన పేరుతో ముద్ర ఉండదు. చనిపోయిన భర్త ముద్రే కొట్టాలి. నాలుగేళ్ళ తర్వాత ఆమె తన దుకాణంలో పనివాడైన రీజ్‌నెర్‌ని పెళ్ళి చేసుకుంది. రీజ్‌నెర్ 1768లో మాస్టర్ అయ్యాడు, 1769లో ఆ బల్ల పూర్తి చేశాడు. చెక్కపొదుగులో తన పేరు రాసుకున్నాడు. ఓబెన్ పేరు లేదు. మధ్య ఏళ్ళలో దుకాణం మూతపడకుండా కాపాడిన ఆమె పేరు అసలే లేదు.

ఆ బల్లకి అయిన ఖర్చు 60 వేల లివ్రులకు పైమాటే. 20 సూలు ఒక లివ్ర్. పారిస్‌లో మామూలు కూలివాడికి రోజుకి 20 నుంచి 30 సూలు వచ్చేవి. 30 సూలే అనుకుందాం. 60 వేల లివ్రులంటే 40 వేల రోజుల కూలి. ఏడాదికి 270 పనిదినాలు వేసుకుంటే దాదాపు 150 ఏళ్ళు. ఒక్క బల్ల, అయిదు తరాల కూలి.

4. ‘దీవుల కలప’

ఇంతవరకు పారిస్‌లోనే ఉన్నాం. ఇప్పుడు కలప ఎక్కడిదో చూద్దాం.

ఆ కాలపు దుకాణ లెక్కల్లో ఖరీదైన కలపలన్నిటికీ కలిపి ఒక ముద్దుపేరుంది: ‘దీవుల కలప’. ఎంత అమాయకమైన మాట! దీవులు, సముద్రం, గాలి. ఆ దీవుల్లో చెట్టు దానంతటది కూలి ఓడెక్కినట్టు. అసలు సంగతి వేరు. మహాగని కరీబియన్ దీవుల నుంచి వచ్చింది. ఊదా, గులాబి చారల కలపలు బ్రెజిల్, గయానా అడవుల నుంచి వచ్చాయి. నరికింది, దుంగలు లాగింది, రేవుకి చేర్చింది ఎక్కువగా బానిసలు.

ఫ్రాన్స్ దీవుల్లో అన్నిటికంటే ధనికమైనది సాన్ దొమాంగ్, ఇవాళ్టి హైతీ. 1789 నాటికి అక్కడ దాదాపు 5 లక్షల మంది బానిసలు, సుమారు 30 వేల మంది తెల్లవాళ్ళు. యూరప్ తాగే కాఫీలో, తినే చక్కెరలో పెద్ద వాటా ఆ ఒక్క దీవిదే. ఫ్రాన్స్ బానిస ఓడలు అన్నిటికంటే ఎక్కువగా బయల్దేరింది నాంత్ రేవు నుంచి. తిరుగుప్రయాణంలో చక్కెర, కాఫీతో పాటు మహాగని దుంగలు వచ్చేవి. అందుకే నాంత్, బోర్దో లాంటి రేవుపట్నాల్లో వ్యాపారుల ఇళ్ళలో బీరువాలూ బల్లలూ నిండు మహాగనితో ఉండేవి. ఫర్నిచర్ చరిత్రకారులు వాటికి ‘రేవు సామాను’ అని పేరు పెట్టారు. 1780ల్లో ఇంగ్లండు ఫ్యాషన్ గాలి తగిలి పారిస్‌లో కూడా గుడ్డ కప్పక్కర్లేని, నునుపు తేలిన మహాగని భోజన బల్లలు వచ్చాయి. అప్పటిదాకా గుడ్డ కింద దాక్కున్న బల్ల చివరికి కనపడింది. దాని కలప నరికినవాడు మాత్రం కనపడలేదు.

ఇప్పుడు ఆ భోజనాల గదిని మళ్ళీ ఒకసారి చూడండి. మహాగని బల్ల, దాని మీద కాఫీ, చక్కెర. మూడూ ఒకే చోట నుంచి, ఒకే చేతుల నుంచి. చట్టం ప్రకారం ఆ చేతులున్న మనిషి కూడా ‘మోబ్ల్’. బల్ల ఒక చరాస్తి, బల్లకి కలప నరికినవాడు ఇంకో చరాస్తి.

మన తీరం ఈ కథలో లేదా? ఉంది, రెండు చోట్ల. చైనాలో తయారైన పెద్ద పెద్ద లాకర్ తెరలు కోరమాండల్ తీరపు రేవుల మీదుగా యూరప్ చేరేవి. (ఆ లాకర్ చెట్టు పాలతో చేసింది. మన ఏటికొప్పాక బొమ్మల లక్క వేరు.) పారిస్ ఎబెనిస్టులు ఆ తెరల్ని ముక్కలుగా కోసి బీరువాలకీ బల్లలకీ అతికించేవాళ్ళు. ఇవాళ్టికీ వాటిని ‘కోరమాండల్ లాకర్’ అనే అంటారు. పేరు మన తీరానిది, చెయ్యి చైనావాళ్ళది. పేరు ఎంత అబద్ధం చెప్పగలదో దీన్నిబట్టి తెలుస్తుంది.

రెండోది ఇంతకంటే బరువైనది. యానాం, పాండిచ్చేరి ఫ్రెంచివాళ్ళ చేతుల్లో ఉన్న ఆ శతాబ్దంలోనే కోరమాండల్ తీరం నుంచి కూడా మనుషుల్ని బానిసలుగా హిందూ మహాసముద్రంలోని ఫ్రెంచి దీవులకు, ఇవాళ్టి మారిషస్, రీయూనియన్‌లకు తీసుకుపోయారు. కోడ్ న్వార్‌కి ఆ దీవుల కోసం 1723లో ఒక ప్రతి తయారైంది. ఆఫ్రికా వాళ్ళతో పాటు మన తీరపు మనుషులు కూడా ‘మోబ్ల్’ లెక్కలోకి వచ్చారు. వాళ్ళలో కులం పేరుతో ముందే అణగదొక్కబడ్డవాళ్ళు ఎవరెవరు అన్నది మన విద్యార్థులు పరిశోధన చెయ్యాల్సిన అంశం. ఆర్కైవులు ఉన్నాయి, ఫ్రెంచి నేర్చుకోవాలి, అంతే.

5. గిల్డూ కులమూ ఒకటేనా?

సెమినార్లలో ఒక వాదన మీరు వినే ఉంటారు. “యూరప్‌లో గిల్డులు, మన దగ్గర కులాలు. రెండూ పని విభజనే. అక్కడా కొడుకు తండ్రి పనే చేశాడు, ఇక్కడా అంతే. కులాన్ని మాత్రమే ఎందుకు తిడతారు?” ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఈ వాదనే.

గిల్డులో అన్యాయం లేదని నేననను. మాస్టర్ కొడుక్కి ఫీజు తక్కువ, బయటివాడికి ఎక్కువ. కాథలిక్ కానివాడికి తలుపు మూసే ఉంది. ఆడవాళ్ళకి భర్త చస్తేనే సగం తలుపు తెరుచుకుంటుంది. అయినా చూడండి: కానబాస్, ఓబెన్, రీజ్‌నెర్ ముగ్గురూ పరాయి ప్రాంతం నుంచి వచ్చినవాళ్ళు. ముగ్గురూ మాస్టర్లయ్యారు. ఓబెన్, రీజ్‌నెర్ రాజాస్థానపు పనివాళ్ళయ్యారు. పారిస్ తూర్పున సెయింట్ ఆంత్వాన్ శివారులో, అక్కడి సన్యాసినుల మఠం భూముల్లో, గిల్డు అధికారం చెల్లకుండా 1657లో రాజే మినహాయింపు ఇచ్చాడు. గిల్డులో చేరలేనివాళ్ళు అక్కడ దుకాణం పెట్టుకున్నారు. కులానికి అలాంటి శివారు ఉందా? ఏ ఊరి పొలిమేర దాటితే కులం చెల్లదు?

ఇంకొకటి. ఓబెన్ కూతురు విక్టోవార్. ఆమె భర్త విప్లవం తర్వాత ఫ్రాన్స్ విదేశాంగ మంత్రి అయ్యాడు. ఆమె కొడుకు యూజెన్ దెలక్రువా. చేతిలో మూడు రంగుల జెండాతో, శవాల మీదుగా జనాన్ని నడిపిస్తున్న స్త్రీ బొమ్మ మీరు పుస్తకాల అట్టల మీద, పోస్టర్ల మీద చూసే ఉంటారు. 1830లో అది వేసింది ఆ దెలక్రువానే. వడ్రంగి కూతురు మంత్రి భార్య అయ్యింది, వడ్రంగి మనవడు దేశం గర్వపడే చిత్రకారుడయ్యాడు. అతని బొమ్మ ముందు నిలబడి ‘వీడి తాత చెక్కపనివాడు కదా’ అని ఎవరూ దూరం జరగరు. ఆ పెళ్ళికి ఎవరి తలా తెగలేదు.

కులం పనిని పంచడంతో ఆగదు, పనిచేసే మనుషుల్నే మెట్లుగా విడగొడుతుందని అంబేద్కర్ 1936లో వాదించారు. పారిస్ గిల్డు చరిత్ర ఆ మాటకి బయటి నుంచి దొరికిన సాక్ష్యం. గిల్డు పనికి కంచె వేసింది. ముట్టుకోవడానికి, పెళ్ళికి, బావికి కంచె వెయ్యలేదు.

యూరప్‌తో పోల్చాలనుకునేవాళ్ళు గిల్డు దగ్గరే ఎందుకు ఆగిపోతారు? అదే ఫర్నిచర్ వెనక ఇంకో వరస మనుషులున్నారు కదా. వాళ్ళకి మాస్టర్ పరీక్ష లేదు, శివారు లేదు, పుట్టిన బిడ్డ కూడా తల్లి యజమాని ఆస్తే. పుట్టుకతో స్థానం నిర్ణయమైపోయినవాళ్ళు ఆ వరసలో ఉన్నారు. బానిసత్వాన్నీ అంటరానితనాన్నీ పక్కపక్కన పెట్టి అంబేద్కర్ విడిగా రాశారు. ఆ రెంటి తేడాలు వేరే చర్చ. కానీ పోలిక మొదలుపెట్టాల్సిన చోటు అది. బల్ల ముందు నుంచి పోలిస్తే గిల్డు కనపడుతుంది, బల్ల అడుగు నుంచి పోలిస్తే సాన్ దొమాంగ్ కనపడుతుంది.

6. బల్ల తిరగబడ్డ రోజులు

1789 ఏప్రిల్ 28న సెయింట్ ఆంత్వాన్ శివారులో గొడవ. గోడకాగితాల ఫ్యాక్టరీ యజమాని రెవెయాన్ కూలి తగ్గించమంటున్నాడన్న మాట పాకింది. రొట్టె ధర మండిపోతున్న రోజులు. సైన్యం కాల్చింది, జనం చచ్చారు. రెండున్నర నెలలకి, జులై 14న, ఆ శివారు అంచునే ఉన్న బాస్తీయ్ కోట కూలింది. కోట పట్టినవాళ్ళుగా గుర్తింపు పొందినవాళ్ళ జాబితా ఉంది. అందులో వడ్రంగులూ ఎబెనిస్టులూ కలిపి దాదాపు వంద మంది. ముద్ర లేని చేతులకు మొదటిసారి ఒక జాబితాలో పేర్లు దొరికాయి.

1791 మార్చిలో గిల్డులు రద్దయ్యాయి. ఒక్క చట్టంతో పోయాయి. పోగలిగేవి కాబట్టి పోయాయి. ఇక పనివాడు స్వేచ్ఛాజీవి అనుకునేలోగా అదే ఏడాది జూన్ 14న ల షాపెలియే చట్టం వచ్చింది. పారిస్‌లో ఇళ్ళు కట్టే వడ్రంగులు కలిసి రోజుకి కనీసం 50 సూలు కావాలని అడిగారు. దానికి జవాబుగా పనివాళ్ళు సంఘం పెట్టుకోవడాన్నే విప్లవ ప్రభుత్వం నిషేధించింది. మాస్టర్ల కంచె తీసేసి కూలీల చేతులు కట్టేశారు.

1793 ఆగస్టు నుంచి ఏడాది పాటు వెర్సాయ్ సామాను వేలం వేశారు, 17 వేలకు పైగా లాట్లు. రీజ్‌నెర్ తను చేసిన సామానే కొన్ని తిరిగి కొనుక్కున్నాడు. రాజు రాత బల్ల మీద రాజచిహ్నాలు తీసెయ్యమని కూడా అతన్నే పిలిచారు.

సాన్ దొమాంగ్‌లో 1791 ఆగస్టులో బానిసలు తిరగబడ్డారు. పారిస్ వాళ్ళకి స్వేచ్ఛ ఇస్తుందేమోనని ఎదురుచూస్తూ కూర్చోలేదు. వాళ్ళ పోరాటం వల్లే 1794 ఫిబ్రవరిలో ఫ్రాన్స్ బానిసత్వాన్ని రద్దు చేసింది. 1802లో నెపోలియన్ మళ్ళీ తెచ్చాడు. సాన్ దొమాంగ్ లొంగలేదు. 1804 జనవరి 1న హైతీ స్వతంత్ర దేశమైంది.

కథ ఇక్కడ ఆగి ఉంటే బాగుండేది. 1825లో ఫ్రాన్స్ యుద్ధనౌకలు పంపి హైతీని బెదిరించింది: మా వాళ్ళు పోగొట్టుకున్న ఆస్తికి 15 కోట్ల ఫ్రాంకులు కట్టండి, అప్పుడే మిమ్మల్ని దేశంగా గుర్తిస్తాం. 1838లో దాన్ని 9 కోట్లకు తగ్గించారు. అది కట్టడానికి చేసిన అప్పులు హైతీని తరాల పాటు పిండేశాయి. పోయిన ఆస్తి అంటే తోటలు, మిల్లులు మాత్రమే కాదు. ఆ మనుషులు కూడా. తమ శరీరాలకు తామే ధర కట్టి పాత యజమానులకు చెల్లించారు.

చట్టం ఇద్దరికీ ఒకే పేరు పెట్టింది గానీ కుర్చీని ఎవరూ దాని ధర దాన్నే కట్టుకోమనలేదు. ఆ పని మనిషి చేత చేయించారు.